నిమ్మకాయల మీద ఆగిన ట్రైలర్

మా ఆయన విక్రాంత్ కార్ల బ్రేకుల ఇంజనీరు. పెళ్లిచూపుల్లో తన పని గురించి సిమ్యులేషన్ అనీ టెస్టింగ్ అనీ వివరించబోతే, మా అమ్మ వెంకటరమణమ్మ సగంలోనే ఆపి, "అంటే బ్రేకులు మీరే చేస్తారన్నమాట" అని తేల్చేసింది. ఆ తర్వాత రాజమండ్రిలో మా వీధి చివరి ఇస్త్రీ కొట్టు దాకా అందరికీ తెలిసిపోయింది, జర్మనీలో అంత జోరుగా పోయే కార్లు ఆగుతున్నాయంటే అది మా ఇంటి అల్లుడి చలవేనని. అలాంటి మనిషి పోయి పోయి బ్రేకుల్లేని బండి కొన్నాడు. దాంట్లో మా అమ్మ ఎక్కి కూర్చుంది.

అమ్మ మూడు నెలలు ఉండి వెళదామని రెండువేల ఇరవై ఫిబ్రవరిలో మేముండే డెగ్గెన్‌డార్ఫ్ వచ్చింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తర్వాత ఒకటీ అరా నడిచినా, మాస్కు పెట్టుకుని అన్ని గంటలు పక్కవాడి ఊపిరి పీలుస్తూ కూర్చోలేనని తెగేసి చెప్పింది. మా రెండు గదుల ఇంట్లో హాలు ఆమెదైంది, బాల్కనీ ఆమెదైంది, వంటింటి గురించి చెప్పే పనే లేదు. విక్రాంత్‌కి సోఫా మిగిలింది.

మే నెలలో అతని కాంట్రాక్టు అయిపోయింది, కంపెనీ మళ్లీ పొడిగించలేదు. కార్లే అమ్ముడుపోనప్పుడు బ్రేకులతో ఎవరికేం పని. మొదట్లో రోజూ అప్లికేషన్లు పెట్టేవాడు. తర్వాత వారానికోసారి పెట్టేవాడు. ఆ తర్వాత ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, జనం అమ్మకానికి పెట్టిన పాత సామాన్ల ప్రకటనలు చదువుతూ కూర్చునేవాడు. వాడేసిన గార్డెన్ కుర్చీలు, పిల్లలకి పొట్టైన సైకిళ్లు, ఎవరి తాతయ్యదో అకార్డియన్ వాయిద్యం. ఏదీ కొనేవాడు కాదు. ఏం చదువుతున్నావంటే "ఊ" అనేవాడు. కబుర్లు మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాని మనిషి, ఆ ఒక్క అక్షరంతో వేసవి మొత్తం గడిపేశాడు.

దానికి తోడు మా పిన్ని ఫోను. రాజమండ్రి నుంచి సుభద్ర పిన్ని రోజూ చేసేది. కూరల గురించీ, కేసుల గురించీ, ఎవరింట్లో ఎవరికి పాజిటివ్ వచ్చిందో ఆ సంగతులన్నీ అయ్యాక, చివర్లో తప్పకుండా అడిగేది, "అల్లుడుగారేం చేస్తున్నారే?" అని. ఆ ప్రశ్న రాగానే అమ్మ ఫోను పట్టుకుని బాల్కనీలోకి నడిచేది. "సిగ్నల్ సరిగ్గా లేదే, మళ్లీ చేస్తా" అని పెట్టేసేది. మా ఇంట్లో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ సంగతి సోఫాలో ఉన్న మనిషికీ తెలుసు. అతను లాప్‌టాప్ మూసి, లేచి పడకగదిలోకి వెళ్లిపోయేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ ఎవరితో పోట్లాడను? కోపమొస్తే మీ ఇంటికి వెళ్లిపో అనడానికి కూడా వీల్లేని అతిథి ఆవిడ.

ఆగస్టులో నాకు డ్రెస్డెన్‌లో చిప్పుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. విక్రాంత్ సేమ్యా పాయసం చేశాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "షిఫ్టింగ్ నేను చూసుకుంటా గిరిజా. నువ్వు దాని గురించి ఆలోచించకు" అన్నాడు. మే నెల తర్వాత అతని నోట అంత పొడుగు మాట అదే వినడం. నాకు ఉద్యోగం వచ్చినదాని కంటే ఆ మాటకే ఎక్కువ సంతోషం వేసింది, భయమూ వేసింది. ఈ ఒక్క పనీ చేతిలోంచి జారిపోతే అతను మళ్లీ సోఫాలోకి వెళ్లిపోతాడు. ఆ సోఫాని డ్రెస్డెన్ దాకా మోసుకెళ్లేటప్పుడు అతను దానిమీదే ఉంటాడు.

జర్మనీలో ఇల్లు మారడమంటే సూట్‌కేసులు సర్దుకోవడం కాదు. ఇక్కడ అద్దెకి దిగినవాళ్లు వంటింటి బీరువాలు, సింకు, పొయ్యితో సహా కొనుక్కుని బిగించుకుంటారు, వెళ్లేటప్పుడు ఊడబీక్కుని పట్టుకుపోతారు. సామాన్లు చేరవేసే కంపెనీల్లో ఒకరు క్రిస్మస్ తర్వాత చూద్దామన్నారు, ఒకరు మనుషులంతా క్వారంటీన్‌లో ఉన్నారన్నారు. అప్పుడు మా పాత స్టేషన్ వాగన్ కారు విక్రాంత్ కంటపడింది. దాని వెనకాల మా కంటే ముందటి ఓనరు బిగించిన ఇనప కొక్కెం ఒకటుంది. అప్పటిదాకా అది చేసిన పనల్లా నా మోకాలి కింద తగలడమే. దానికో చిన్న ట్రైలర్ తగిలిస్తే రెండు ట్రిప్పుల్లో ఇల్లంతా డ్రెస్డెన్ చేరుతుందని లెక్క కట్టాడు. అద్దె ట్రైలర్లు దొరకలేదు. పాతది కొని, పనయ్యాక మళ్లీ అమ్మేయొచ్చన్నాడు. ఇన్నాళ్లూ చదివిన ప్రకటనలకి ఒక అర్థం దొరికినట్టు అతని మొహం వెలిగింది.

దొరికింది కూడా. మా ఊరికి కాస్త దూరంలో, కొండవాలు పల్లెలో ఒక రైతు దగ్గర. విక్రాంత్ ఆ ప్రకటనని హాల్లో కూర్చుని మా ఇద్దరికీ తెలుగు చేసి చదివాడు. ఒకే ఓనరు, తుప్పు లేదు, షెడ్డులోనే ఉండేది, 'ఉన్‌గెబ్రెమ్స్ట్'. అక్కడ అమ్మ ఆపింది. ఆ చివరిదేంటి బాబూ అంది. వేరే ఎవరైనా అయితే "చిన్నది అని" అని దాటేసేవారు. మా ఆయన నిజాయితీపరుడు.

"బ్రేకులుండవు అత్తయ్యగారూ" అన్నాడు.

అమ్మ చేతిలోంచి గరిటె కింద పడిన చప్పుడు నాకింకా గుర్తే. ఆ తర్వాత విక్రాంత్ చాలాసేపు చెప్పాడు. ఏడువందల యాభై కిలోల లోపు ట్రైలర్‌కి సొంత బ్రేకులు అక్కర్లేదని ఇక్కడి చట్టమే చెబుతుందనీ, ముందున్న కారు బ్రేకే రెండింటినీ ఆపుతుందనీ కాగితం మీద బాణాలు గీసి మరీ చూపించాడు. చాలా రోజుల తర్వాత అతను ఇంజనీరులా మాట్లాడుతుంటే నేను బాణాలు చూడలేదు, అతన్నే చూస్తున్నాను. అమ్మ అంతా విని, తల ఊపి, "మీరు బ్రేకుల ఇంజనీరే కదా బాబూ, ఒకటి మీరే పెట్టేయరాదూ" అంది.

ఆవిడ వెటకారానికి అనలేదు. అందుకే అది మరీ గట్టిగా తగిలింది. విక్రాంత్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను అమ్మని వంటింట్లోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, నా చేతనైనంత కోపంగా చెప్పాను, ఈ బండి వచ్చి తీరుతుంది, నువ్వు మధ్యలో మాట్లాడకు అని. అమ్మ పోపు మాడకుండా చూసుకుంటూ, వస్తే రానీ, కానీ పూజ చేయకుండా అది రోడ్డెక్కడానికి వీల్లేదు అంది. కొత్త బండి అయినా, పాత బండి అయినా, మనకి కొత్తే కదా. బ్రేకుల్లేనిదానికి ఇంకా ఎక్కువ అవసరం కదా. ఇందులో నాకు తప్పు దొరకలేదు.

విక్రాంత్ రైతుకి అడ్వాన్సిచ్చి బండి కాగితాలు తెచ్చుకున్నాడు. ట్రైలర్‌కి మా పేరున నంబరు ప్లేటు తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో టెర్మిన్ కోసం, అంటే వాళ్లిచ్చే అపాయింట్‌మెంట్ కోసం, రోజూ పొద్దున్నే వెబ్‌సైటు తెరిచి కూర్చున్నాడు. ఆఖరికి దొరికిన టెర్మిన్ మంగళవారం మధ్యాహ్నం, సరిగ్గా రాహుకాలంలో. అమ్మ దాన్ని మార్పించమంది. టెర్మిన్ మార్చుకోవడం కంటే రాహువుని మార్చడం తేలికని నేనన్నాను. ఆఫీసు లోపలికి రాహుకాలంలో వెళ్లినా ప్లేటు చేతికి దాని తర్వాతే వస్తుందిలెమ్మని ఆవిడే ఒక దారి చూసుకుంది. నిజంగానే క్యూ అంత పొడుగుంది.

శనివారం పొద్దున బండి తెచ్చుకోవడానికి బయల్దేరాం. ఆరు నెలల్లో అమ్మ ఇల్లు కదలడం అదే మొదలు. పట్టుచీర మీద చలికోటు, మాస్కు మీద మాస్కు, ఒళ్లో పూజ సంచీ. దారిలో సూపర్‌మార్కెట్ ముందు ఆపించి నిమ్మకాయలు కొనిపించింది. ఇక్కడి నిమ్మకాయలు తెలుసు కదా, కోడిగుడ్డు కంటే పెద్దవి, తోలు వేలంత మందం. ఇవి నిమ్మకాయలేంటే, దబ్బకాయల్లా ఉన్నాయి అని దారి పొడుగునా ఆవిడ వాటిని తిడుతూనే ఉంది.

రైతు పేరు ఐగ్నర్. డెబ్బై దాటిన మనిషి, మాస్కు గడ్డం కింద పెట్టుకుని, మమ్మల్ని చూడగానే పైకి లాక్కున్నాడు. ఆయన వాకిలి కంకర పరిచిన చిన్న వాలు. దిగువన ఎడమ పక్క పేడకుప్ప, కుడి పక్క మొక్కజొన్న చేను. ట్రైలర్ వాకిలి మధ్యలో, ముందు కడ్డీ ఎగువకి, తూర్పుకి పెట్టి ఉంది. దానికి హ్యాండ్‌బ్రేకు కూడా లేదు గనక చక్రాల వెనకాల రెండు చెక్కముక్కలు అడ్డం పెట్టి ఉన్నాయి. విక్రాంత్ కారుని ఎగువన ఆపి, కొక్కేనికి తగిలించబోయాడు. తూర్పుముఖంగా దానంతటది నిలబడి ఉండగానే పూజ జరగాలని అమ్మ వారించింది. కొత్త పెళ్లికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టకముందే కారెక్కిస్తారా అని అడిగింది. విక్రాంత్ కారు డిక్కీలో తాళ్లు సర్దుకోవడానికి వెళ్లిపోయాడు.

అమ్మ ట్రైలర్ ముందు పలకకి పసుపు రాసింది. కుంకుమతో స్వస్తిక్ గీయబోతుంటే నేను మణికట్టు పట్టుకుని ఆపాను. ఈ దేశంలో ఆ గుర్తు వేసుకుని రోడ్డెక్కితే ముందు ఆగేది పోలీసుల దగ్గరేనని ఎన్నిసార్లు చెప్పానో. ఓంకారం రాసి సరిపెట్టుకుంది. కడ్డీ చివరి ఇనప గుండు మీద కొబ్బరికాయ కొట్టింది, అది ఒక్క దెబ్బకే పగిలింది. ఐగ్నర్ గారు తన దూరంలో తాను నిలబడి, ఇదంతా ఏమిటని విక్రాంత్‌ని అడిగాడు. ఇది మా వైపు ట్యూఫ్ అని విక్రాంత్ చెప్పాడు, రెండేళ్లకోసారి బండికి చేయించే తనిఖీ పేరు చెప్పి. ముసలాయన నవ్వలేదు. మా ఊళ్లో ఫాదర్ వచ్చి ట్రాక్టర్ల మీద మంత్రించిన నీళ్లు చల్లుతాడు, మీ అత్తగారి పద్ధతి ఇంకా గట్టిదిలా ఉంది అన్నాడు. నేనది అమ్మకి తెలుగులో చెబితే, మాస్కుల వెనకాల ఆవిడ మొహం విప్పారడం కళ్లలో తెలిసింది.

ఆ సంబరంలో ఆవిడ వంగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి అడ్డంగా ఉన్నాయని చెక్కముక్కలు రెండూ లాగి పక్కన పడేసింది. వాటి స్థానంలో నిమ్మకాయల్ని కూరింది. పళ్లెంలో కర్పూరం వెతుకుతున్న నేను చూడలేదు. ట్రైలర్ కదల్లేదు. హారతి ఇచ్చినంతసేపూ, అక్షింతలు చల్లినంతసేపూ ఆ జర్మన్ నిమ్మకాయలు రెండూ దాన్ని అలాగే పట్టుకుని ఉన్నాయి. మన గోదావరి నిమ్మకాయలైతే అప్పుడే చేతులెత్తేసేవి.

పూజయ్యాక సుభద్రకి పంపడానికి ఫొటో కావాలంది అమ్మ. ట్రైలర్లో మనుషులు ఎక్కకూడదని విక్రాంత్ డిక్కీ దగ్గర్నుంచే అన్నాడు. రోడ్డు మీద కదా ఎక్కకూడనిది, ఇక్కడేముంది అంది. ఐగ్నర్ గారు ఒక స్టూలు తెచ్చి దూరం నుంచే ముందుకు తోశాడు. అమ్మ దానిమీద కాలు పెట్టి ఎక్కి, లోపల పీట వేసుకున్నట్టు కూర్చుని, హారతి పళ్లెం ఒళ్లో పెట్టుకుని, మాస్కులు దించి కొంగు సర్దుకుంది. నేను ఎదురుగా నిలబడి ఫోనెత్తాను.

నిమ్మకాయలు నలిగాయి. శాస్త్రం ప్రకారం నలగాల్సినవే.

బండి చాలా మర్యాదగా కదిలింది. మొదట నా చెయ్యే వణుకుతోందనుకున్నాను. ఫోన్లో అమ్మ చిన్నదవుతూ ఉంది. ఆవిడ మొహంలో కంగారేమీ లేదు, అల్లుడు ముచ్చటపడి ఒక రౌండు తిప్పుతున్నాడనే అనుకుంది. ఐగ్నర్ గారు హాల్ట్, హాల్ట్ అని అరిచేసరికి నాకు నోరు పెగిలింది. నేను విక్రాంత్ పేరు పెట్టి అరిచాను. అమ్మ ముందు ఎప్పుడూ పేరు పెట్టి పిలవను.

మే నెల నుంచి సోఫాకీ ఫ్రిజ్‌కీ మధ్య తప్ప నడవని మనిషి డిక్కీ దగ్గర్నుంచి ఎలా ఊడిపడ్డాడో నేను చూడలేదు. నా పక్కనుంచి గాలి కొట్టింది. అప్పటికే బండి వాకిలి సగం దిగి, తిన్నగా పేడకుప్ప వైపు దొర్లుతోంది. విక్రాంత్ వెళ్లి ముందు కడ్డీని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలిపోయాడు. మడమలు కంకరలో దిగబడి రెండు చాళ్లు పడ్డాయి. బండి నెమ్మదించింది కానీ ఆగలేదు, అతన్నీ లాక్కుపోతోంది.

అప్పుడు లోపల్నుంచి అమ్మ గొంతు ప్రశాంతంగా వినిపించింది.

"చాలు బాబూ, ఇంక ఆపండి."

విక్రాంత్ ఒకసారి బండి మీదుగా దిగువకి చూశాడు, పేడకుప్ప ఎంత దూరముందో. కడ్డీని ఒంటి బరువంతా వేసి పక్కకి తిప్పాడు. బండి వెనక భాగం విసురుగా తిరిగి, పేడకుప్పకి బారెడు దూరంలోంచి పక్కకి తప్పుకుని, మొక్కజొన్న చేలో దూరి ఆగింది. నాలుగు కంకులు వంగి అమ్మ తల మీద ఆశీర్వదిస్తున్నట్టు నిలబడ్డాయి. పళ్లెంలో కుంకుమ కూడా ఒలకలేదు.

విక్రాంత్ కంకర మీద వెల్లకిలా పడి ఉన్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పరిగెత్తుకెళ్లి చూస్తే నవ్వుతున్నాడు. నోట మాట రానంత నవ్వు. అది విని నేను పక్కనే చతికిలబడి ఏడ్చేశాను. భయంతో కాదు. ఆ నవ్వు మా ఇంట్లోంచి పోయి ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసింది నాకు. ఇంత చిన్న బండి, ఇంత పిచ్చి పని, నా మొగుణ్ణి నాకు వెనక్కి తెచ్చిచ్చిందే అనిపించింది.

ఐగ్నర్ గారు దూరం సంగతి మర్చిపోయి దిగొచ్చి అతన్ని చెయ్యిచ్చి లేపాడు. లేపాక గుర్తొచ్చి రెండడుగులు వెనక్కి వేశాడు, అమ్మని దింపడానికి మళ్లీ ముందుకి వచ్చాడు. చివరికి తన చెక్కముక్కలు రెండూ ఏరుకొచ్చి విక్రాంత్ చేతిలో పెట్టి, ఇవి బండితో పాటు ఊరికే ఇస్తున్నా, నిమ్మకాయల కంటే మంచివి అన్నాడు.

అల్లుడుగారు కింద ఎందుకు పడుకున్నారే అని అమ్మ నన్నడిగింది. ఎవరూ తిప్పలేదనీ, బండి తనంతట తానే పోయిందనీ, అది ఎటు పోతోందో, ఎవరు ఎలా ఆపారో దాచకుండా చెప్పాను. అమ్మ పేడకుప్పని చూసింది. కంకరలో రెండు చాళ్లని చూసింది. విక్రాంత్ అరచేతులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి, వాటిని చాలాసేపు చూసింది. నలిగిన నిమ్మకాయల్ని ఏరి సంచీలో వేసుకుని కారెక్కింది. వెనకాల ట్రైలర్ బుద్ధిగా, బ్రేకుల్లేకుండానే, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ మా వెంట వచ్చింది.

ఇంటికొచ్చాక గాయాలు నేను కడిగాను. కడిగినచోట పూజలో మిగిలిన పసుపు అమ్మ అద్దింది. అతను కలుపుకోలేడని పప్పూ అన్నం తనే కలిపి, నెయ్యేసి, చెంచా పెట్టి ఇచ్చింది. విక్రాంత్ సోఫాలో కూర్చుని తింటూ, వంటింటి బీరువాల్లో మొదట ఏది ఊడదీయాలో నాకు చెబుతున్నాడు. చెబుతూనే ఉన్నాడు, నేను మధ్యలో దూరడానికి సందు దొరకలేదు.

అప్పుడు సుభద్ర పిన్ని ఫోను మోగింది. పసుపు గిన్నె సర్దుతున్న అమ్మ, చేతికి పసుపు ఉందని స్పీకర్ పెట్టింది. కూరలయ్యాయి, కేసులయ్యాయి. పిన్ని అడిగింది.

"అల్లుడుగారేం చేస్తున్నారే?"

విక్రాంత్ మాట ఆపి, చెంచా పళ్లెంలో పెట్టి, అలవాటుగా లేవబోయాడు. అమ్మ బాల్కనీ వైపు చూడలేదు. పసుపు చేత్తోనే అతన్ని కూర్చోమని సైగ చేసింది.

"అల్లుడుగారి ఉద్యోగం పోయిందే సుభద్రా. మే నెలలోనే పోయింది. నీకు చెప్పలేదు నేను."

అవతల పిన్ని అయ్యో అంది.

"అయ్యో ఏంటే. మనిషి నిక్షేపంగా ఉన్నారు. ఇప్పుడు ఇల్లంతా డ్రెస్డెన్ తీసుకెళ్లేది ఆయనే. ఇవాళ నేనెక్కిన బండి కొండమీంచి పడిపోతుంటే ఉత్త చేతుల్తో పట్టి ఆపారు" అంది అమ్మ. వాకిలి అప్పుడే కొండయిపోయింది. కుర్చీ లాక్కుని, సోఫా పక్కనే సర్దుకుని కూర్చుంది. "పనేం లేదుగా నీకు? సిగ్నల్ బాగానే ఉంది. మొదట్నుంచీ చెబుతా, విను."